‘పర్వాలేదు’ ఏ గడిలో వేయాలి?

2004 మార్చి. ఎండలు అప్పుడే ముదిరాయి. ప్రకాశం జిల్లాలో ఒక ఊరి రామాలయం అరుగు మీద నేనూ, నా క్లాస్‌మేటూ ఫారాల కట్ట ముందేసుకుని కూర్చున్నాం. అసెంబ్లీ ఎన్నికలు దగ్గరకొచ్చాయి. ఫారానికి పది రూపాయలన్నారు. రోజుకి ఇరవై నింపితే రెండొందలు. డిగ్రీ కుర్రాళ్లకి అది చిన్న మొత్తం కాదు. సర్వే చేయిస్తున్నది ఎవరో మాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

మొదటి ఇంట్లో వసారాలో ఒక మామ్మ చింతపండు గింజ తీస్తూ కూర్చుంది.

“మామ్మా, ప్రభుత్వం పనితీరు ఎట్లా ఉంది?”

“ఎవరు పంపారు నాయనా మిమ్మల్ని?”

“కాలేజీ నుంచి వచ్చాం.” సగం నిజం.

ఆమె నన్నోసారి చూసింది, నా చేతిలో అట్టనీ, పెన్నునీ చూసింది. గింజ తీసే చెయ్యి మాత్రం ఆగలేదు. “ఆఁ, పర్వాలేదు.”

ఫారంలో మూడు గడులున్నాయి. సంతృప్తి, అసంతృప్తి, చెప్పలేను. ‘పర్వాలేదు’కి గడి లేదు. సాయంత్రం మా సూపర్‌వైజర్‌ని అడిగితే బీడీ ముట్టించుకుంటూ తేల్చేశాడు: “పర్వాలేదంటే బాగానే ఉందనేగా? సంతృప్తిలో కొట్టెయ్యండిరా.” కొట్టేశాం. ఆ రోజు మేం అడిగినవాళ్లలో దాదాపు సగం మంది చెప్పింది ఆ ఒక్క మాటే.

మే 11న ఓట్లు లెక్కపెట్టారు. 294 స్థానాల్లో కాంగ్రెస్‌కి 185, అధికారంలో ఉన్న తెలుగుదేశానికి 47.

ఇరవై ఏళ్లుగా ఏ సర్వే చూసినా నాకా చింతపండు చేతులే గుర్తొస్తాయి. మన భాషలో ఇంత గడుసు మాట ఇంకొకటి లేదు. పెళ్లిచూపులకి వెళ్లొచ్చినవాడు “పర్వాలేదు” అంటే సంబంధం కుదిరినట్టో, తప్పినట్టో పక్కనున్న తల్లికే తెలుస్తుంది. కూర ఎలా ఉందంటే “పర్వాలేదు” అన్నాడంటే ఉప్పు తగ్గిందని ఇల్లాలికి తెలుస్తుంది. బస్సులో కాలు తొక్కినవాడికీ అదే జవాబు, ఆసుపత్రి మంచం మీద పలకరించినవాళ్లకీ అదే. గొంతు, కళ్లు, పక్కన ఎవరున్నారన్నది చూస్తే తప్ప అర్థం తేలదు. సర్వే ఫారంలో మాత్రం అది ఒక టిక్కు.

గుండిగ అడుగున ఏముంది?

సర్వేలంటే కోపం ఉన్నవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఒకటే. “నాలుగు కోట్ల ఓటర్లుంటే నాలుగు వేల మందిని అడిగి ఎట్లా చెప్తారు? నన్నైతే ఎవడూ అడగలేదే!” న్యాయంగా కనిపించే ప్రశ్నే గానీ, సర్వేలకున్న అసలు జబ్బు ఇది కాదు.

పెళ్లి వంటల్లో వెయ్యి మందికి అన్నం వండే వంటవాడు గుండిగంతా తిని చూడడు. రెండు మెతుకులు నలిపి చూస్తాడు. పది మంది గిన్నెకైనా, వెయ్యి మంది గుండిగకైనా ఆ రెండు మెతుకులే. గణితం చెప్పేదీ అదే. లాటరీ తీసినట్టు, ఎవరికైనా సమానంగా వంతు వచ్చేలా వెయ్యి మందిని ఎంచుకుంటే, నూటికి తొంభై అయిదు సార్లు ఆ అంచనా అసలు లెక్కకి మూడు శాతం అటూ ఇటూలోనే ఉంటుంది. ఆ వెయ్యి మంది ఒక్క తెలంగాణకి సరిపోతారు, మొత్తం భారతదేశానికీ సరిపోతారు. తప్పుని సగానికి తగ్గించాలంటే మాత్రం నాలుగింతల మందిని, అంటే నాలుగు వేల మందిని అడగాలి. అందుకే ఒక స్థాయి దాటాక ఎంత డబ్బు పోసినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

దొరికిన సమాచారం నుంచి తీసే అంచనాలో తప్పు ఎంతవరకు తగ్గగలదో, ఏ గీత దాటి తగ్గలేదో 1945లో గణితంలో నిరూపించి చూపినవాడు మన తెలుగువాడే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన కల్యంపూడి రాధాకృష్ణారావు, లోకమంతటికీ సి.ఆర్.రావు. అప్పటికి ఆయనకి పాతికేళ్లు. క్రామర్–రావు హద్దు అని ప్రపంచమంతా పాఠాల్లో చెప్పుకుంటుంది. టీవీ స్టూడియోల్లో “మా సర్వేకి తిరుగులేదు” అనేవాళ్లు ఎప్పుడైనా ఆ పేజీ తిప్పారో లేదో!

అయితే వంటవాడు చేసే పని ఇంకొకటుంది. తెడ్డు అడుగుదాకా దించి, కిందినుంచి అన్నం పైకి తీసి అప్పుడు చూస్తాడు. పైమెతుకు పలుకుగా ఉండొచ్చు, అడుగు మాడుతూ ఉండొచ్చు. చేతికందింది చూస్తే మోసపోతాడు. అమెరికాలో ‘లిటరరీ డైజెస్ట్’ అనే పత్రిక 1936లో మోసపోయింది ఇక్కడే. అధ్యక్ష ఎన్నికలకి ముందు దాదాపు కోటి మందికి పోస్టులో నమూనా బ్యాలెట్లు పంపింది. 23 లక్షల పైచిలుకు తిరిగొచ్చాయి. అంత పెద్ద సర్వే ఆ రోజుల్లో ఎవరూ ఎరగరు. రూజ్‌వెల్ట్ ఓడిపోతాడు, లాండన్ గెలుస్తాడు అని ప్రకటించింది. 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్‌కి వచ్చాయి. పత్రిక చిరునామాలు తీసుకున్నది టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్టర్ల నుంచి. మహామాంద్యం రోజుల్లో కారూ, ఫోనూ ఉన్నవాడెవడు? పైగా రూజ్‌వెల్ట్ మీద మంటగా ఉన్నవాళ్లే పనిగట్టుకుని జవాబు రాశారు. అంతకంటే చాలా తక్కువ మందినే జాగ్రత్తగా ఎంచుకుని అడిగిన జార్జ్ గాలప్ అనే కొత్త కుర్రాడు రూజ్‌వెల్టే గెలుస్తాడని చెప్పి పేరు తెచ్చుకున్నాడు. రెండేళ్లకి ఆ పత్రిక మూతపడింది.

ఇప్పుడు మన యూట్యూబ్ చానళ్లు “ఎవరు గెలుస్తారు? కామెంట్ చేయండి” అని పెట్టి, రెండు లక్షల ఓట్లు పడ్డాయని సంబరపడుతుంటే నాకు ఆ కోటి బ్యాలెట్లు కళ్లముందు కదులుతాయి.

వసారాలో ఇంకెవరున్నారు?

మళ్లీ ఆ ఊరికే వెళ్దాం. రెండోరోజు మాకు తోడుగా ఊళ్లోవాడొకడు వచ్చాడు. తెల్ల చొక్కా, మెడలో కండువా లేదు గానీ ఉన్నట్టే. “పర్లేదు తమ్ముడూ, నేను ఇళ్లు చూపిస్తా” అన్నాడు. ప్రతి గడప దగ్గరా చేతులు కట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ఆ రోజు ఇరవై ఫారాల్లోనూ ఒకే పార్టీ. మేం దాన్ని గాలి అనుకున్నాం.

సరిగ్గా ఈ చిక్కు కోసమే ఢిల్లీలోని సీఎస్‌డీఎస్ పరిశోధన సంస్థ వాళ్ల లోక్‌నీతి సర్వేల్లో ఒక పద్ధతి పెట్టారు. ఏ పార్టీకి వేస్తారన్న ప్రశ్న వచ్చేసరికి నోటితో చెప్పనక్కర్లేదు. గుర్తులన్నీ అచ్చువేసిన ఉత్తుత్తి బ్యాలెట్ కాగితం చేతికిస్తారు. పక్కకి తిరిగి గుర్తు పెట్టి, మడిచి, డబ్బాలో వేస్తే చాలు. అడగాల్సిన మనుషుల్ని కూడా రచ్చబండ దగ్గర కనబడ్డవాళ్లలోంచి ఏరరు. ఓటర్ల జాబితాలోంచి లెక్క ప్రకారం పేర్లు తీసి, ఆ పేరున్న మనిషినే ఇంటికెళ్లి వెతుక్కుంటారు. పొలానికెళ్తే సాయంత్రం మళ్లీ రావాలి. శ్రమ, ఖర్చు, ఆలస్యం. అందుకే చాలామంది ఆ దారిన పోరు.

ఎక్కువమంది పోయే దారి ఏమిటంటే బస్టాండు, టీకొట్టు, రైతుబజారు. అక్కడ దొరికేది ఎవరు? ఖాళీగా ఉన్న మగవాళ్లు, అందులోనూ రాజకీయం మాట్లాడటం ఇష్టమైనవాళ్లు. నాట్లేసే ఆడకూలీ టీకొట్టు దగ్గర దొరకదు. ఇంటికెళ్లి అడిగినా “మా ఆయన్నడగండి” అంటుంది. ఆఫీసులో కూర్చున్న లెక్కలవాళ్లు దీనికి ‘వెయిటింగ్’ అనే మందు వేస్తారు. వందలో యాభై మంది ఆడవాళ్లు ఉండాల్సిన చోట ముప్పై మందే దొరికితే, వాళ్ల ఒక్కొక్క మాటని దాదాపు 1.67గా లెక్క కడతారు. మందు మంచిదే. కానీ దొరికిన ఆ ముప్పై మంది, దొరకని ఇరవై మంది లాంటివాళ్లేనా? కాకపోతే మనం హెచ్చవేసింది తప్పునే.

ఫోన్లో అడిగితే ఈ గొడవ ఉండదు కదా అనొచ్చు. అమెరికాలో ప్యూ రీసెర్చ్ సంస్థ ఫోన్ చేస్తే 1997లో నూటికి 36 మంది జవాబు చెప్పేవాళ్లు. 2018 నాటికి ఆరుగురు. మన దగ్గరైనా తెలియని నంబరు నుంచి మధ్యాహ్నం ఫోనొస్తే లోనువాడో, ఓటీపీ దొంగో అనుకుని పెట్టేసేవాళ్లే ఎక్కువ.

ఇక చెట్టు కింద సర్వే. దీని గురించి బయట ఎవరూ రాయరు గానీ ఫీల్డులో పనిచేసిన ప్రతివాడికీ తెలుసు. ఫారానికింత అని డబ్బులిచ్చే చోట, ఎండ నడినెత్తికెక్కాక, వేపచెట్టు కింద కూర్చుని మిగిలిన ఏడెనిమిది ఫారాలు మనమే నింపేయడం. మేమూ నింపాం. దొంగతనం బయటపడకుండా రెండు అటు, మూడు ఇటు, ఒకటి ‘చెప్పలేను’. మా వాడికి చేతిరాత మార్చి రాయడం బాగా వచ్చు. ఇప్పుడు ట్యాబ్‌లు, జీపీఎస్, ఆడియో రికార్డింగులు వచ్చాయి కాబట్టి అంత తేలిక కాదు. అయినా తెలివి మనుషులకేం కొదవ?

మూడు ముప్పై తొమ్మిదులు

గడప దగ్గర అన్నీ సక్రమంగా జరిగి ఓట్ల శాతం తూచినట్టు తెలిసిందనుకుందాం. అయినా సీట్లు చెప్పలేం. మన తెలుగు రాష్ట్రాల లెక్కలే చూడండి.

2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశానికి 39.17 శాతం ఓట్లు వచ్చాయి. సీట్లు 23. 2024లో అదే రాష్ట్రంలో వైఎస్సార్‌సీపీకి 39.37 శాతం. సీట్లు 11. మధ్యలో 2023లో తెలంగాణలో కాంగ్రెస్‌కి 39.40 శాతం. 119లో 64 సీట్లు, ముఖ్యమంత్రి కుర్చీ! ముగ్గురికీ వచ్చింది ముప్పై తొమ్మిదే. ఏ సర్వే అయినా ఈ మూడింటి మధ్య తేడా పట్టుకోలేదు, ఎందుకంటే అవి దాని తప్పు హద్దులోనే ఉన్నాయి. ఒకరికి పట్టాభిషేకం, ఇద్దరికి వనవాసం.

కిటుకు ఎదుటివాడి ఓటు ఎట్లా చీలింది, ఎట్లా కలిసిందన్న దాంట్లో ఉంది. తెలంగాణలో బీఆర్ఎస్‌కి 37.35 శాతం, మిగిలింది బీజేపీ వగైరాలకి చీలింది. ఆంధ్రాలో 2024లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ కలిసి 55 శాతం ఒక్క మూటగా కట్టాయి. టీవీ ఎన్నికల విశ్లేషణకి మన దేశంలో బాటవేసిన ప్రణయ్ రాయ్, అశోక్ లాహిరి, బ్రిటన్ నుంచి వచ్చిన డేవిడ్ బట్లర్ దీన్నే ప్రతిపక్ష ఐక్యతా సూచీ అని లెక్కగట్టారు. ఓట్లని సీట్లుగా మార్చడంలో శాస్త్రం కొంతే. మిగతాది పాత లెక్కలు, స్థానికంగా తెలిసినది, కొంచెం గుండెధైర్యం.

“మేం నియోజకవర్గాలవారీగా చేశాం” అనేవాళ్ల మాట కూడా ఒకసారి కూడికలు వేసి చూడండి. పదివేల శాంపిల్ అంటే ఘనంగానే వినిపిస్తుంది. ఆంధ్రాలోని 175 సీట్లతో భాగిస్తే నియోజకవర్గానికి 57 మంది. 57 మందిని అడిగితే తప్పు హద్దు పదమూడు శాతం అటూ ఇటూ. నాలుగైదు శాతం తేడాతో తేలే సీటుని ఆ కొలబద్దతో కొలవడమంటే బియ్యపు తక్కెడలో బంగారం తూచడమే. లక్ష శాంపిల్ చేశామంటారా, నిజంగా చేస్తే మంచిదే. మనిషికి రోజుకి ఇరవై ఫారాల చొప్పున రెండొందల మంది పాతిక రోజులు తిరగాలి. తిరిగారా అని అడిగితే చాలామంది మాట మారుస్తారు.

ఆక్టోపస్ నుంచి భీమవరం దాకా

తెలుగునాట సర్వే ఒక వినోదం కూడా. ‘ఆంధ్రా ఆక్టోపస్’ అని పేరు పడ్డ లగడపాటి రాజగోపాల్ ప్రెస్‌మీట్ అంటే సినిమా రిలీజు హడావిడి. 2018లో తెలంగాణలో ప్రజాకూటమికి 65, టీఆర్ఎస్‌కి 35, పది అటూ ఇటూ అన్నారు. టీఆర్ఎస్‌కి 88 వచ్చాయి. 2019లో ఆంధ్రాలో తెలుగుదేశానికి వంద, పది అటూ ఇటూ అన్నారు. వైఎస్సార్‌సీపీకి 151 వచ్చాయి. ఆ తర్వాత సర్వేలకి సెలవు చెప్పారు. ఆయన్నే అనడం దేనికి? 2024 జూన్ 1 సాయంత్రం ఆరున్నరకి చట్టం గేటు తెరుచుకోగానే ఆరా మస్తాన్ వైఎస్సార్‌సీపీకి 94 నుంచి 104 అన్నారు, కేకే సర్వేస్ తెలుగుదేశం కూటమికి 161 అంది. కూటమికి 164 వచ్చాయి. లోక్‌సభ లెక్కలో యాక్సిస్ మై ఇండియా ఎన్డీఏకి 361 నుంచి 401 అంది. వచ్చినవి 293. ఆ సంస్థ అధిపతి ప్రదీప్ గుప్తా టీవీ లైవ్‌లోనే కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ రోజు ఆయన్ని ఎగతాళి చేసినవాళ్లే ఎక్కువ. నాకు మాత్రం లెక్క తప్పితే ఏడ్చేవాడి మీద కాస్త గౌరవమే కలిగింది. తప్పినా మర్నాడు ఇంకో చానల్లో అదే ధీమాతో కూర్చునేవాళ్లని ఎంతమందిని చూడలేదు!

చట్టం గేటు అన్నాను కదా. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 126ఎ సెక్షన్ ప్రకారం పోలింగ్ మొదలైనప్పటి నుంచి అన్ని విడతలూ ముగిశాక అరగంట దాకా ఎగ్జిట్ పోల్ బయటపెట్టకూడదు. పెడితే రెండేళ్ల దాకా జైలు. వాట్సాప్‌లో తిరిగే ‘ఇంటెలిజెన్స్ రిపోర్టు’లకి మాత్రం ఏ సెక్షనూ అడ్డు రాదు. ఏదో చానల్ లోగో తగిలించి, జిల్లాలవారీగా పట్టిక వేసి, తెల్లారేసరికి ఊరూరా తిప్పేస్తారు. ఎన్నికలప్పుడు భీమవరం వైపు వెళ్తే తెలుస్తుంది, ఒక్కో ఉత్తుత్తి పట్టికకి పందెం రేటు ఎట్లా ఎక్కి దిగుతుందో. కోడి కత్తికీ దానికీ పెద్ద తేడా లేదు.

మెచ్చినవాడికే వేస్తామా?

గాలప్ సంస్థ అమెరికా అధ్యక్షుల మీద ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చిన ప్రశ్న ఒకటుంది. అధ్యక్షుడు తన పని చేస్తున్న తీరుని మీరు మెచ్చుకుంటారా, మెచ్చుకోరా? మాట మార్చకుండా అడిగారు కాబట్టే ట్రూమన్ నుంచి ఈ మధ్యవాళ్ల దాకా ఒకే కొలతతో పోల్చి చూడగలుగుతున్నాం. 1991లో గల్ఫ్ యుద్ధం ముగిసిన వేడిలో పెద్ద బుష్‌ని మెచ్చినవాళ్లు 89 శాతం. మరుసటి ఏడాది చివర్లో ఎన్నికలొస్తే ఆయనకి పడ్డ ఓట్లు 37 శాతం. చిన్న బుష్ కథ ఇంకా దారుణం. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత 90 శాతానికి ఎక్కి, 2008లో 25కి దిగాడు. మెప్పు ఆ వారం గాలిని బట్టి పడే మార్కు. ఓటు వేసేటప్పుడు పక్కన ఇంకో పేరుంటుంది.

మన దగ్గర ఇంకో మెలిక. “పింఛను వస్తోందా?” అని అడిగి, “బియ్యం అందుతున్నాయా?” అని అడిగి, ఆ తర్వాత “ప్రభుత్వం ఎట్లా ఉంది?” అంటే, తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టు ఉంటుందని ఎవరైనా “బాగుంది” అనే అంటారు. అదే ప్రశ్న మొదట్లో అడిగితే జవాబు వేరు. ఏ వరసలో అడిగారో చెప్పని సర్వేని నేను చదవడం మానేసి చాలాకాలమైంది.

పైగా ముఖ్యమంత్రికి ఒక మార్కు, ఎమ్మెల్యేకి ఇంకో మార్కు. “పైనాయన పర్వాలేదు, మా ఊరాయనతోనే గొడవ” అన్న మాట వినని రిపోర్టరుండడు. 2023లో కేసీఆర్ 115 మంది అభ్యర్థుల్ని ఒక్కసారే ప్రకటిస్తూ మార్చింది ఏడుగురినే. ఓడిపోయారు. మరుసటి ఏడాది జగన్ సర్వేలు ముందేసుకుని పెద్ద సంఖ్యలో సిట్టింగుల్ని మార్చారు, కొందరిని పక్క నియోజకవర్గాలకి తోలారు. ఆయనా ఓడిపోయారు. మార్కులు చూసి ఏం చెయ్యాలో ఏ సర్వే కంపెనీ చెప్పలేదన్నమాట.

ఈమధ్య తూకం ఫోన్లోకి వచ్చింది. ఐవీఆర్ఎస్. రికార్డు చేసిన గొంతు ప్రశ్న అడుగుతుంది, మనం అంకె నొక్కాలి. తెలుగుదేశం 2024లో అభ్యర్థుల ఎంపికకి దీన్ని వాడింది. ఇప్పుడు ప్రభుత్వ సేవలు ఎలా ఉన్నాయో తెలుసుకోవడానికీ వాడుతున్నారు. మనిషి ఎదురుగా ఉండడు కాబట్టి మొహమాటం లేదు. చేతులు కట్టుకుని నిలబడే తెల్లచొక్కా లేడు. ఆ మేరకి మేలే. కానీ “నా నంబరు వాళ్ల దగ్గరుంది, రేపు పింఛను ఆపేస్తే?” అన్న అనుమానం ఎదుట మనిషి లేనంత మాత్రాన పోదు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే మా మేనత్త అరిసెల పాకం పడుతోంది. పక్కన పీట మీద ఫోను మోగింది. చేతులకి బెల్లం. నన్ను ఎత్తి స్పీకర్‌లో పెట్టమంది. ఆడగొంతు, మంచి స్పష్టమైన తెలుగు. మీ ప్రాంతంలో సేవలు సంతృప్తికరంగా ఉంటే ఒకటి నొక్కండి, లేకపోతే రెండు నొక్కండి.

అత్త గరిటె ఆపకుండానే ఫోను వైపు తిరిగి, ఎదురింటావిడకి చెప్పినట్టు, “పర్వాలేదమ్మా” అంది.

గొంతు మళ్లీ మొదటినుంచి అదే అడిగింది.

“చెప్పాగా తల్లీ, పర్వాలేదని!”

మూడోసారికి లైను దానంతటదే కట్టయింది. పాకం చుక్క నీళ్లలో వేసి చూసి, “ఎవర్రా ఆ పిల్ల? వినిపించదా ఏంటి?” అంది అత్త.